నలభైలో నేనూ విద్యార్థినినే

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ చెల్లెళ్ళు అడిగారు. "అక్కా, మీరు సాధించిన విజయాల గురించి రాయండి" అన్నారు. నేను కలెక్టర్ని కాలేదు, డాక్టర్ని కాలేదు. నల్లగొండ జిల్లాలో ఇద్దరు టీచర్లున్న ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని. అఆలు, ఎక్కాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు... ఇదే నా ప్రపంచం. కాకపోతే ఈ మధ్య నేను చేసిన పని ఒకటుంది. 2023లో, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, దూరవిద్యలో ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేరాను. నలభై నిండేసరికి పూర్తి చేశాను. అది విజయమో కాదో మీరే చెప్పాలి. ఆ రెండేళ్ళలో నేను నవ్విన నవ్వులూ, పడ్డ తిప్పలూ మాత్రం మీతో పంచుకోవాలనిపించింది. ఎందుకంటే మన హాస్టల్లో చదివిన వాళ్ళలో చాలామందికి చదువు మధ్యలో ఆగిపోయింది. ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చా అని ఆలోచిస్తున్న వాళ్ళు ఈ పేజీలు తిరగేసే వాళ్ళలో తప్పకుండా ఉంటారు.

ఎందుకు ఆగింది, ఎలా మొదలైంది

నేను మన హాస్టల్లో 1996 నుంచి 2001 వరకు ఉన్నాను. ఆరు నుంచి పది దాకా. ఇంటర్ కాగానే డిగ్రీలో చేరాలని నా కోరిక. కానీ నా వెనక ఇద్దరు తమ్ముళ్ళున్నారు. అమ్మ కూలికి పోయేది. "తొందరగా నౌకరొచ్చే సదువు సదువు బిడ్డా" అంది. ఆమె మాటలో తప్పు లేదు. టీచర్ ట్రైనింగ్ చేశాను, డీఎస్సీ రాశాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పాప పుట్టింది. మా ఇంట్లో నెలకోసారి జీతం ముఖం చూసిన మొదటి మనిషిని నేనే కాబట్టి నా చదువు గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఉద్యోగం చేస్తూనే బి.ఏ. పూర్తి చేశాను. అది డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం చలవ. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదేనని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో బాబాసాహెబ్ పేరు పెట్టుకుంది. కాలేజీ గడప తొక్కలేని వాళ్ళ ఇంటికి పుస్తకాలు పంపించాలన్న ఆలోచన మన తెలుగు నేల మీద మొదలయిందని తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. ఆ తర్వాత ఎం.ఏ.కు మాత్రం వేరొక విశ్వవిద్యాలయం దూరవిద్యలో చేరాను. దాని పేరు ఇక్కడ అనవసరం.

"ఎం.ఏ. చేస్తే జీతం పెరుగుద్దా?" అని స్టాఫ్ రూంలో అడిగారు. ఇద్దరు టీచర్ల బళ్ళో స్టాఫ్ రూం అంటే ఒక బీరువా, రెండు కుర్చీలు లెండి. పెరగదు అన్నాను. "ప్రమోషన్ వస్తదా?" దానికోసం కాదు అన్నాను. "మరెందుకు?" అన్న మూడో ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళ తర్వాత ఇప్పుడుంది. చివర్లో చెబుతాను.

అడ్మిషన్ తిప్పలు

మొదటి గమ్మత్తు అడ్మిషన్ రోజే జరిగింది. కౌంటర్లో కూర్చున్న అబ్బాయి నా సర్టిఫికెట్లు తీసుకుని తల ఎత్తకుండానే "పాప రాలేదా మేడం? ఫొటోకి పాప ఉండాలి" అన్నాడు. "పాప నేనే బాబూ" అన్నాను. వెనక లైన్లో ఉన్న వాళ్ళందరూ నవ్వారు. నవ్విన వాళ్ళలో సగం మందికి నా వయసే ఉంది!

ఆ తర్వాత టి.సి., మైగ్రేషన్, కుల ధ్రువీకరణ పత్రం, పై అధికారుల అనుమతి... ఒక్కొక్క కాగితానికి ఒక్కొక్క ప్రయాణం. ఒక కాగితంలో ఇంటి పేరు పుట్టింటిది, ఇంకో కాగితంలో అత్తింటిది. "రెండూ మీరేనని రుజువేంటి?" అన్నారొకరు. మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని ఆ మనిషి ఆ మనిషేనా అని అడగడం మనకే చెల్లింది. అఫిడవిట్ రాయించి, నేనే నేనని ప్రమాణం చేసి బయటపడ్డాను. చెల్లెళ్ళూ, మీ సర్టిఫికెట్లన్నిటిలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పదో తరగతి మెమోలో పడ్డ ఒక్క అక్షరం మీ వెంట నలభై ఏళ్ళు నడిచొస్తుంది.

మా క్లాసు

సెలవు రోజుల్లో జిల్లా కేంద్రంలో కాంటాక్టు తరగతులు ఉండేవి. అలాంటి క్లాసు నేను ఎక్కడా చూడలేదు. మొదటి బెంచీలో ఒక కానిస్టేబుల్ తమ్ముడు. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చేవాడు. పాఠం మొదలైన పది నిమిషాలకు కళ్ళు మూతలు పడేవి, మెడ మాత్రం నిటారుగా ఉండేది. నిలబడి నిద్రపోవడం ట్రైనింగులోనే నేర్పిస్తారట. అతని పక్కన ఒక పంచాయతీ కార్యదర్శి. క్లాసు మధ్యలో ఫోన్ వస్తే వరండాలోకి పరుగెత్తి "మోటరు కాలిందా? ట్యాంకర్ పెట్టియ్యండి" అని అరిచి మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. కిరాణా కొట్టు నడిపే ఒక అన్న ఉండేవారు. గిరాకీ, సప్లయ్ పాఠం రోజున సార్ కంటే ఆయనే బాగా చెప్పారు. నా పక్కన అంగన్‌వాడీ టీచరు. ఆమె సంచిలో నోట్సుతో పాటు మనవరాలి పాలసీసా కూడా ఉండేది.

మాకు పాఠం చెప్పడానికి వచ్చిన లెక్చరర్‌కు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మొదటి రోజు మమ్మల్ని చూసి కాసేపు ఇబ్బంది పడ్డాడు పాపం. "నమస్తే అండీ" అని మొదలుపెట్టి, మూడో వారానికి "హోంవర్క్ చేశారా?" అని గద్దించే దాకా వచ్చాడు. హోంవర్క్ చేయకపోతే నా బళ్ళో పిల్లలు చెప్పే సాకులన్నీ నా నోటికి వచ్చాయి. కరెంటు పోయింది సార్. మా అత్తమ్మకు బాగలేదు సార్. పుస్తకం ఊళ్ళో మర్చిపోయాను సార్. అప్పటి నుంచి మా రెండో తరగతి పిల్లలు సాకులు చెబితే నేను కొంచెం మెత్తగా వింటున్నాను.

అర్థశాస్త్రం, మన పప్పుచారు

చెల్లెళ్ళూ, అర్థశాస్త్రం అంటే భయపడకండి. మన హాస్టల్లో ఉన్న వాళ్ళకు ఆ పాఠాల్లో సగం ముందే వచ్చు. పేర్లే తెలియవు.

క్షీణోపాంత ప్రయోజన సూత్రం అని ఒకటుంది. మొదటి లడ్డూ తింటే కలిగే సంతోషం కంటే రెండో లడ్డూతో కలిగేది తక్కువ, మూడోదానితో ఇంకా తక్కువ అని దాని భావం. నాకు మన హాస్టల్ కోడిగుడ్డు గుర్తొచ్చింది. మనకు గుడ్డు మీద సంతోషం ఎన్నడూ తగ్గలేదు. ఎందుకంటే రెండో గుడ్డు ఎన్నడూ రాలేదు కదా!

లారెంజ్ వక్రరేఖ అని ఇంకొకటి. సంపద ఎవరికెంత అందిందో, పంపకం ఎంత సమానంగా జరిగిందో బొమ్మ గీసి చూపిస్తుంది. 1905లో లారెంజ్ అనే అమెరికా ఆర్థికవేత్త దాన్ని చూపించాడు. మా సార్ బోర్డు మీద ఆ గీత గీస్తుంటే నా కళ్ళకు మన పప్పుచారు గంగాళం కనిపించింది. ముందు నిలబడిన వాళ్ళకు నీళ్ళు, వెనక నిలబడిన వాళ్ళకు అడుగున ఉన్న పప్పు. అందుకే పదో తరగతి అక్కలు పెద్దరికం చూపించి "చిన్న పిల్లలు ముందు తినండే" అనేవారు. ఆ త్యాగం వెనక ఉన్న అర్థశాస్త్రం నాకు పాతికేళ్ళకు అర్థమైంది.

రాగ్నార్ నర్క్స్ 1953లో రాసిన పుస్తకంలో పేదరికపు విషవలయం గురించి చెప్పాడు. ఆదాయం తక్కువ, కాబట్టి పొదుపు తక్కువ, కాబట్టి పెట్టుబడి తక్కువ, కాబట్టి ఉత్పత్తి తక్కువ, కాబట్టి మళ్ళీ ఆదాయం తక్కువ. ఇది నేను మా అమ్మకు చెబితే శ్రద్ధగా విని, "గిది సెప్పనీకె గంత పెద్ద బుక్కు రాసిండా?" అంది.

అమర్త్యసేన్ సంగతీ అంతే. ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది 1998లో. అప్పుడు నేను మన హాస్టల్లోనే ఉన్నాను. క్విజ్ పోటీ కోసం "అమర్త్యసేన్, అర్థశాస్త్రం, 1998" అని బట్టీ పట్టాను. ప్రైజుగా ఒక పెన్ను కూడా ఇచ్చారు. ఆయన కరువుల గురించి ఏం చెప్పాడో చదివింది మాత్రం ఇప్పుడే. తిండి లేక కాదు, ఉన్న తిండిని అందుకునే దారి లేక కూడా జనం చనిపోతారని. పేరు బట్టీ పట్టడానికీ, మనిషి చెప్పిన మాట తెలుసుకోవడానికీ మధ్య నాకు పాతికేళ్ళు పట్టింది.

ఇంట్లో ఇద్దరం పరీక్షల వాళ్ళం

2025 మార్చిలో మా పాప పదో తరగతి పరీక్షలు రాసింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఇద్దరు విద్యార్థినులు. ఒకే బల్ల, ఒకే లైటు. నేను ఫోన్ చూస్తే పాప ఊరుకునేది కాదు. "మమ్మీ, క్లాసు గ్రూప్ చూస్తున్నా అంటవ్, చీరలు చూస్తున్నవ్" అని లాక్కునేది. తన లెక్కల టెస్టులో మార్కులు తగ్గినప్పుడు నేను కోప్పడబోతే, నా అసైన్‌మెంటు మార్కులు తెచ్చి ఎదురుగా పెట్టింది. ఆ పూట ఇద్దరం గొడవ లేకుండా అన్నం తిన్నాం.

వేళ్ళకు రాత అలవాటు తప్పింది. రోజూ బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసే చేతికి మూడు గంటలు ఆపకుండా పెన్నుతో రాయడం మహా కష్టం. మొదటి సెమిస్టరు మొదటి పరీక్షలో రెండో గంటకే బొటనవేలు మొండికేసింది. చేయి విదిలిస్తుంటే ఇన్విజిలేటర్ దగ్గరికి వచ్చి "మేడం, మీరు నాకు మూడో తరగతిల చెప్పిన్రు" అని చెవిలో అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. "ఇప్పుడు అడిషనల్ షీట్ ఇయ్యి నాయనా" అన్నాను.

సెలవుల బాధ వేరు. ఇద్దరు టీచర్ల బళ్ళో ఒకరు సి.ఎల్. పెడితే రెండో మనిషి మీద అయిదు తరగతులు పడతాయి. కాబట్టి నా ప్రతి పరీక్షా నా తోటి టీచరుకు కూడా పరీక్షే. చదవాల్సిన పుస్తకాలు ఒక సెమిస్టరులో ఆలస్యంగా అందాయి. పరీక్ష తేదీలు ఒకసారి ఉన్నట్టుండి మారాయి. పెట్టిన సెలవు రద్దు చేసుకుని, కొత్త సెలవు కోసం మళ్ళీ అడగాలంటే ముఖం చెల్లలేదు. ఆవిడ మాత్రం "పొండి మేడం, నేను సూస్కుంట" అనేది. అయిదు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి కథలు చెప్పేదట. మా పిల్లలు ఇప్పటికీ "మేడం, మీ పరీక్షలు మళ్ళా ఎప్పుడు?" అని ఆశగా అడుగుతారు.

"ఏం జెయ్య, ఇంట్లనే ఉంట"

మూడో సెమిస్టరు మధ్యలో, 2024 నవంబరులో, రాష్ట్రంలో సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే జరిగింది. ప్రాథమిక పాఠశాలల ఎస్జీటీలు కూడా ఎన్యూమరేటర్లుగా పనిచేశారు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి ఇంటింటికీ తిరగడం, రాత్రికి ఫారాలు సరిచూసుకోవడం. ఇక చదువెక్కడిది? సంచిలో సర్వే ఫారాల కింద జాతీయాదాయం పుస్తకం మోసుకుంటూ తిరిగాను. ఎక్కడైనా పది నిమిషాలు దొరికితే చదువుదామని ఆశ. దొరకలేదు.

కానీ ఆ పుస్తకంలో ఉన్నది నాకు ఆ ఇళ్ళలోనే కనిపించింది. ఏం పని చేస్తారమ్మా అని ఆడవాళ్ళను అడిగితే ఎక్కువ మంది చెప్పిన జవాబు ఒకటే: "ఏం జెయ్య మేడం, ఇంట్లనే ఉంట." ఆ మాట చెప్పే చేతికి పేడ అంటుకుని ఉంటుంది, చంకలో పిల్ల ఉంటుంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది.

జాతీయాదాయం లెక్కల్లో ఈ పని చేరదు. పిగూ అనే ఆంగ్ల ఆర్థికవేత్త వందేళ్ళ కిందటే ఒక గమ్మత్తు చూపించాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆమెను పెళ్ళి చేసుకుంటే దేశం ఆదాయం తగ్గిపోతుంది. పని అదే, మనిషి అదే, జీతం మాత్రం ఆగిపోయింది కాబట్టి లెక్కలోంచి పోయింది! క్లాసులో అందరం నవ్వాం. అంగన్‌వాడీ అక్క ఒక్కతే నవ్వలేదు.

ఇంటి పని చేసే వాళ్ళు రోజుకు ఎంతసేపు చేస్తారో కేంద్ర ప్రభుత్వం సమయ వినియోగ సర్వేలో లెక్కించింది. 2024 లెక్కల ప్రకారం ఇంటి వాళ్ళ కోసం జీతం లేని పని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. అదే పనికి మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. తేడా రోజుకు 201 నిమిషాలు. అంటే మూడు గంటల పైమాట. నాకు వెంటనే తట్టిన సంగతి ఏమిటంటే, ఎం.ఏ. పరీక్ష సమయం కూడా మూడు గంటలే. మన ఆడవాళ్ళు రోజూ ఒక పేపరు రాసినంత సమయం పొయ్యి దగ్గరా బావి దగ్గరా ఇచ్చేస్తున్నారు. మార్కులు మాత్రం వేసేవారు లేరు.

గోడ మీది బాబాసాహెబ్

మన హాస్టల్ హాల్లో బాబాసాహెబ్ ఫొటో ఉండేది. నీలం కోటు, చేతిలో పుస్తకం. ప్రతి ఏప్రిల్ 14న ఆ ఫొటోకు దండ వేసి, రాజ్యాంగ నిర్మాత అని ఉపన్యాసాలు చెప్పేవాళ్ళం. నేనూ చెప్పాను. ఆయన అర్థశాస్త్రం చదివిన మనిషి అని, నా సిలబస్‌లో కనిపిస్తాడని అప్పుడు నాకు తెలియదు. రూపాయి సమస్య మీద ఆయన రాసిన గ్రంథం 1923లో వచ్చింది. దానికే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డి.ఎస్సీ. వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆదాయ వ్యయాల మీద ఆయన రాసిన పుస్తకం 1925లో అచ్చయింది. ప్రభుత్వ విత్త శాస్త్రం చదువుతూ ఆ పేరు చూసినప్పుడు, పరాయి ఊళ్ళో మన ఊరి పెద్దమనిషి ఎదురొచ్చినట్టయింది.

ఆయన చదువు కూడా మధ్యలో ఆగిందే. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పుతో 1913లో అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1916లో లండన్ చేరారు. గడువు అయిపోవడంతో 1917లో చదువు సగంలో వదిలేసి వెనక్కి రావలసి వచ్చింది. 1918లో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో అర్థశాస్త్రం ఆచార్యుడిగా చేరారు. జీతంలో కొంత దాచుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం తీసుకుని, ఒక మిత్రుడి దగ్గర అప్పు చేసి, 1920లో మళ్ళీ లండన్ ఓడ ఎక్కారు. ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టుకుని, ఆగిన చదువును పట్టుకోవడానికి వెళ్ళిన మనిషి! మా కానిస్టేబుల్ తమ్ముడికి ఈ సంగతి చెబితే ఆ రోజు క్లాసంతా మేలుకునే ఉన్నాడు.

అయితే నా ఆలోచన అక్కడ ఆగలేదు. బాబాసాహెబ్ లండన్‌లో చదువుతుంటే బొంబాయిలో ఇల్లు నడిపింది ఎవరు? రమాబాయి. చేతిలో డబ్బు లేని ఇంటిని, పిల్లలను, పుట్టి పోయిన బిడ్డల దుఃఖాన్ని మోసింది ఆమె. 1935లో కన్నుమూసింది. తర్వాత ఆయన పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని ఆమె జ్ఞాపకానికే అంకితం ఇచ్చారు. అంటే ఆయన ఆ లెక్క మరిచిపోలేదు.

నేను చదువుకోవడానికి కూర్చున్నప్పుడల్లా ఒకటే ప్రశ్న. మగవాడు చదువుకుంటే వెనక రమాబాయి ఉంటుంది. మరి మనం చదువుకుంటే? మనమే బాబాసాహెబ్, మనమే రమాబాయి. పొద్దున నాలుగింటికి లేచి వంట చేసిన మనిషే అయిదింటికి పుస్తకం పట్టుకోవాలి.

మూడో సెమిస్టరు

2025 జనవరిలో మా అత్తమ్మ స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు. మంచం మీదే అన్నీ. ఫిబ్రవరిలో నా పరీక్షలు. మా ఆయన మోటార్లు బాగుచేసే షాపు నడుపుతారు. యాసంగి పొలాలకు నీళ్ళు పారే కాలం, ఆయనకు చేతినిండా పని. ఆ రోజులు పోతే మళ్ళీ రావు. పాపకు పదో తరగతి. ఇక నేను పరీక్షలు రాయకూడదని తీర్మానించుకున్నాను. హాల్‌టికెట్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరికీ చెప్పలేదు. లోపల మాత్రం, ఇంటర్ తర్వాత డిగ్రీ ఫారం చింపేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆ వారం మన హాస్టల్ స్నేహితురాలు అత్తమ్మను చూడటానికి వచ్చింది. ఆరో తరగతి నుంచి నా రేకుపెట్టె పక్కన ఆమె రేకుపెట్టె. ఇప్పుడు ఏ.ఎన్.ఎం.గా చేస్తోంది. మాటల్లో పరీక్షల సంగతి బయటపడింది. ఆమె ఒక్కటే అంది: "తొమ్మిదిల నాకు జరమొస్తె, తెల్లారి నీకు పరీక్ష ఉండంగ రాత్రంత నా కాడ్నే కూసున్నవ్. నాకు యాదికున్నది. తాళంచెయ్యి ఇటియ్యి."

అయిదు పరీక్షలూ మధ్యాహ్నం పూటే. మూడు పరీక్షల రోజులు ఆమె సెలవు పెట్టి వచ్చింది. అత్తమ్మకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, మందులు వేయడం... నాకంటే ఆమెకే బాగా వచ్చు. మిగతా రెండు రోజులు మా ఆయన మధ్యాహ్నం షాపు మూసి ఇంట్లో ఉన్నారు. మూసిన షాపు ముందు మోటార్లు దించి పోయిన రైతులు ఉన్నారు, ఆ మాట ఆయన నాతో అనలేదు. అన్నం పాప వండింది. మొదటి రోజు నేను చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడిపోతే అత్తమ్మ మంచం మీద నుంచి, "నేనెటు పోత బిడ్డా, ఈడ్నే ఉంట. నువ్ పొయ్యి మంచిగ రాసి రాపో" అంది.

అయిదు పేపర్లూ పాసయ్యాను.

ఆ సెమిస్టరు నోట్సు చివరి పేజీలో ఒక పద్దు రాసుకున్నాను. ఎవరు ఎన్ని గంటలు ఇచ్చారో. స్నేహితురాలు, మా ఆయన, పాప, అత్తమ్మ ఓర్పు, బళ్ళో నా తోటి టీచరు. రాస్తూ రాస్తూ వెనక్కి పోయాను. మన హాస్టల్లో తెల్లవారుజామున లేచి పొయ్యి అంటించిన వంట అక్కలు. చలికాలం పొద్దున్నే గంట కొట్టి మనతో తిట్లు తిన్న వాచ్‌మన్ తాత. అందరికంటే పైన మా అమ్మ. అవకాశ వ్యయం అనే పాఠం ఒకటుంది. ఒకటి ఎంచుకుంటే వదులుకున్న రెండోదాని విలువే దాని అసలు ఖర్చు. మా వాడలో నా ఈడు పిల్లలు పత్తి ఏరడానికి, నాటు వేయడానికి పోయి డబ్బులు తెచ్చేవారు. నన్ను హాస్టల్‌కు పంపిన అయిదేళ్ళూ మా అమ్మ నా కూలి డబ్బులు వదులుకుంది. ప్రభుత్వం నా తిండి ఖర్చు భరించింది. నా కూలి ఖర్చు మా అమ్మ భరించింది. ఈ సంగతి ఆమెకు చెబితే "గయన్ని ఎవలు లెక్క పెట్టిన్రే" అంది. నేను పెట్టాను.

ఎందుకు చదివానో ఇదే నా జవాబు. చదువుకునే టైము ఎవరికీ ఊరికే దొరకదు, ఎవరో ఒకరు తమ టైములోంచి తీసి ఇస్తారు. ఎం.ఏ. నాకు జీతం పెంచలేదు. మా అమ్మ చేసిన ఖర్చు ఎంతో చూసే చూపు ఇచ్చింది.

చెల్లెళ్ళకు నాలుగు మాటలు

చదువు మధ్యలో ఆగిన వాళ్ళు మళ్ళీ చేరాలనుకుంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. దూరవిద్య డిగ్రీ చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి, అనుమతి ఉన్న కోర్సు దూరవిద్యలో చేస్తే అది రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టంగా చెప్పింది. కానీ చేరే ముందు ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఏజెంట్ల మాట మీద, గోడ మీది పోస్టర్ మీద డబ్బు కట్టకండి. ఉద్యోగంలో ఉన్న వాళ్ళు చేరక ముందే శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పాత ప్రశ్నపత్రాలు సంపాదించండి. రోజుకు ఒక పేజీ చేత్తో రాయండి, వేళ్ళు అలవాటు తప్పకుండా ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యం, చేరే రోజే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి పని పంచండి. "నేను చేసుకుంటాలే" అనకండి. అడగడానికి సిగ్గుపడకండి. అత్తను, భర్తను, కొడుకును, బిడ్డను, స్నేహితురాలిని అడగండి. ఇచ్చిన వాళ్ళ పద్దు రాసుకోండి. వాళ్ళకు తిరిగి ఇవ్వలేకపోతే మీ తర్వాతి వాళ్ళకు ఇవ్వండి.

నా స్నేహితురాలు కూడా ఇప్పుడు డిగ్రీలో చేరింది. ఆమె క్లాసులున్న రోజున ఆమె ఇద్దరు పిల్లలు మా ఇంట్లో ఉంటారు. పెద్దవాడు మంచివాడే, చిన్నది మాత్రం నా ఎం.ఏ. పుస్తకాల మీద బొమ్మలు గీస్తోంది. ఉదాసీనతా వక్రరేఖకు మీసాలు పెట్టింది! ఫరవాలేదు, పరీక్షలు అయిపోయాయి కదా. మన హాస్టల్ అక్కాచెల్లెళ్ళలో మా చుట్టుపక్కల ఎవరైనా మళ్ళీ చదువులో చేరితే, క్లాసుల రోజు పిల్లల్ని తీసుకొచ్చి మా ఇంట్లో దించండి. పప్పుచారు వండి పెడతాను. చివర నిలబడిన వాళ్ళకు కూడా పప్పు అందేలా బాగా కలిపి మరీ వడ్డిస్తాను.

మన హాస్టల్ ఇలాగే ఎన్నో వార్షికోత్సవాలు జరుపుకోవాలని కోరుకుంటూ,

మీ అక్క,
1996–2001 బ్యాచ్